సింకు పక్కన వ్యాజలీన్ డబ్బా

ఎనభైల చివర, అసెంబ్లీ ఎన్నికలు ఇంకా నాలుగు నెలలు ఉన్నాయనగా, ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు వైపున్న ఒక ఆసుపత్రికి నన్ను హెడ్ నర్సుగా బదిలీ చేశారు. మగవాళ్ళ సర్జికల్ వార్డు, అంటే కోతలూ కుట్లూ ఉన్న రోగుల వార్డు, నాకు అప్పగించారు. ఆసుపత్రి పేరు చెప్పను. తప్పు ఆసుపత్రిది కాదు, నాది.

ఆ రోజుల్లో మాకు వచ్చిన కేసుల్లో సగం నాటుబాంబు దెబ్బలే. ఊరు ఒకటే, పార్టీలు రెండు. దెబ్బ తిన్నవాళ్ళు మాత్రం అందరూ మా వార్డుకే రావాలి. అందుకని ఒక పార్టీ వాళ్ళకు తూర్పు చివర, ఇంకో పార్టీ వాళ్ళకు పడమటి చివర మంచాలు వేసి, నడుమ ఒక కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టారు. ఆయన స్టూలు పక్కనే వార్డుకంతటికీ ఉన్న ఒకే ఒక్క సింకు.

చేరిన రెండో రోజే తూర్పు వైపు ఒక పెద్దాయన నన్ను ఆపాడు. ఆయన కొడుకు తొడకు బాంబు పెంకులు గుచ్చుకున్నాయి. వార్డులో అందరూ ఆయన్ను మామా అనే పిలిచేవాళ్ళు.

"అమ్మా, వాళ్ళ నెత్తురు ముట్టుకున్న చెయ్యి మావాని మీద పెట్టొద్దు. మా కండ్ల ముందర కడుక్కోని రా" అన్నాడు.

పడమటి వాళ్ళదీ అదే మాట. నిజం చెబుతున్నాను, నాకు సంతోషమేసింది. ఒక రోగిని తాకాక ఇంకో రోగిని తాకే ముందు చేతులు కడుక్కోవాలన్నది మాకు మొదటి పాఠం. కొత్త నర్సులకు ఎంత చెప్పినా ఎక్కనిది, వీళ్ళు కాపలా కాసి మరీ చేయిస్తున్నారు కదా అనుకున్నాను.

కానీ వాళ్ళకు కావలసింది శుభ్రం కాదు, కడిగినట్టు కనబడడం. నురుగు మోచేతి దాకా రావాలి. ఆసుపత్రి సబ్బు అయిపోతే బట్టల సబ్బు తెచ్చి సింకు మీద పెట్టారు. నీళ్ళేమో బోరు నీళ్ళు, శానా చవుడు. కడిగిన చేతిని తువ్వాలుకు తుడిస్తే, ఆ తువ్వాలు అవతలి వాళ్ళు ముట్టారేమోనని మళ్ళీ కడగమనేవారు. దాంతో మేము చేతులు విదిలించుకుని, తడి తడిగానే పనిలోకి దిగేవాళ్ళం. పొద్దున కట్లు మార్చే వేళలో అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగేవాళ్ళమో, అన్నిసార్లూ అదే తంతు.

మా స్టాఫ్ నర్సుల్లో సుగుణ అని పులివెందుల పక్క పల్లె అమ్మాయి ఉండేది. ఇరవై ఆరేళ్ళు. కాలిన చర్మానికి అతుక్కుపోయిన గాజుగుడ్డను ఉప్పునీళ్ళతో తడిపి తడిపి, రోగికి తెలియకుండా తీసేది. నాకు ఇరవై ఏళ్ళ సర్వీసులో అంత తేలిక చెయ్యి రాలేదు. కట్టు విప్పాల్సి వస్తే రెండు పార్టీల వాళ్ళూ "ఆ యమ్మిని పంపిచ్చు" అనేవాళ్ళు.

ఒకరోజు వార్డులో గోల. పరుగున వెళ్ళి చూస్తే సుగుణ సింకు దగ్గర గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మామ చేతిలో చిన్న సీసా ఉంది.

"ఏందిది? చేతులకు ఏమి పూసుకుంటాండావు? మావాని పుండులో విషం పెడ్దామనా? ఎవరిచ్చిరి నీకు?"

పడమటి వాళ్ళు లేచి నిలబడ్డారు. కానిస్టేబుల్ కూడా లేచాడు. నేను సీసా లాక్కుని వాసన చూశాను, నాలుక మీద వేసుకున్నాను. కొబ్బరినూనె! "మామా, నువ్వూ వేసుకో" అని ఆయన నోటికి పట్టాను. గోల చల్లారింది.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. భయం దిగి కోపం వచ్చింది నాకు. ఆ కోపం మామ మీద చూపించే ధైర్యం లేక అందరి ముందూ సుగుణ మీద చూపించాను. "చేతులు మెత్తగా ఉండాలనుకునేవాళ్ళు ఈ ఉద్యోగానికి రావద్దు. ఇకనుంచి డ్యూటీలో ఎవరూ చేతులకు ఏమీ పూయకూడదు" అన్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది. ఆమె ఎందుకు పూసుకుంటున్నదో అడగలేదు. "సరే మేడం" అని తల వంచుకుని పోయింది.

పది పదిహేను రోజులకు సుగుణ గ్లౌజు వేసుకుని కట్లు కట్టడం మొదలుపెట్టింది. అప్పట్లో రబ్బరు గ్లౌజులు ఆపరేషన్లకే చాలేవి కావు. వాటిని కడిగి, నీళ్ళు నింపి చిల్లులు చూసి, పౌడరు చల్లి, ఆవిరి పెట్టెలో ఉడికించి మళ్ళీ వాడేవాళ్ళం. చిల్లు పడి పక్కన పారేసినవి ఆమె తీసుకుంటున్నది. జాగ్రత్త ఎక్కువైందిలే అనుకున్నాను తప్ప, ఆ గ్లౌజు విప్పించి చూడాలని తోచలేదు.

ఒక పొద్దున గాజుగుడ్డ పట్టే ఫోర్సెప్స్ ఆమె చేతిలోనుంచి జారి కింద పడ్డాయి. ఎన్నడూ జారని చెయ్యి. గ్లౌజు తీయమన్నాను. తీయలేదు. నేనే పట్టుకుని తీశాను. వేళ్ళ కణుపుల మీద చర్మం నెర్రెలిచ్చి ఉంది. కుడి చూపుడు వేలు వాచి, నిగనిగలాడుతూ ఉంది. పగులులోనుంచి చీము లోపలికి దిగింది. ఏ గాయం చీమో ఎవరు చెప్పగలరు? చుట్టూ అన్నీ చీము పట్టిన గాయాలే.

"ఎందుకు చెప్పలేదే?" అని అరిచాను.

"చూపిస్తే మళ్ళా అంటారని, మేడం" అంది.

మా సర్జన్ గారు వేలికి గాటు పెట్టి చీము తీశారు. తగ్గలేదు. ఎముకకు పాకింది. పెద్దాసుపత్రికి పంపితే అక్కడ ఆ వేలు రెండు కణుపుల మేర తీసేశారు. మూడు నెలల తర్వాత డ్యూటీకి వచ్చింది కానీ, కట్టు కట్టే పని ఆమెకు మళ్ళీ ఇవ్వలేదు. దుప్పట్లు, గౌన్లు దాచే లినెన్ గదికి వేశారు.

ఈలోగా ఎన్నికలు అయిపోయాయి. మామ కొడుకుని చివరి కట్టుకు తీసుకొచ్చాడు.

"ఆ యమ్మి యాడుంది? శానా మెత్తని చెయ్యి" అన్నాడు.

జరిగింది చెప్పాను. "ఏం చేసేదమ్మా, మేము విషమే అనుకుంటిమి" అన్నాడు. తర్వాత, నేను కత్తెర తీసుకోబోతుంటే, "చేతులు కడుక్కుంటివా?" అని అడిగాడు. కడుక్కున్నాను.

మరుసటి రోజు పెద్ద వ్యాజలీన్ డబ్బా ఒకటి తెచ్చి సింకు పక్కన మూత తీసి పెట్టాను. రెండు వైపుల వాళ్ళనూ పిలిచి, ముందు వాళ్ళ చేతులకే పూసుకోమన్నాను. తర్వాత మేము పూసుకున్నాం. ఒక్కరూ అడ్డు చెప్పలేదు. అంత సులువు పని అది. గోరువెచ్చని నీళ్ళు, తక్కువ సబ్బు, గుడ్డతో రుద్దకుండా అద్దుకోవడం, కొంచెం తడి ఉండగానే వ్యాజలీన్, పడుకునే ముందు ఇంకొంచెం మందంగా పూసి నూలు గుడ్డ చుట్టుకోవడం. పగులు కనబడినవాళ్ళకు ఆ రోజు కట్టు పని లేదు. నా వార్డులో రోజూ డ్యూటీ పుస్తకం తెరవక ముందు నర్సులందరూ నాకు కనబడేలా బల్ల మీద చేతులు పెట్టాలి. రిటైరయ్యే రోజు వరకూ ఇదే పద్ధతి.

రిటైరయ్యే ముందు రోజు లినెన్ గదికి వెళ్ళి, తప్పు నాదేనని సుగుణతో చెప్పాను. ఆమె దుప్పటి మడతపెడుతూ ఉంది.

"ఆ పొద్దు చెయ్యి చూపిచ్చమ్మా అని అడిగింటే సాలు మేడం, చూపిచ్చేదాన్ని" అంది.

అందరి గాయాలూ చూసే మనిషి గాయం ఎవరు చూడాలంటే, ఆమె పై అధికారి చూడాలి. అడగకుండా ఎవరూ చూపించరు. నేను నేర్చుకున్నది ఇదే, ఆమె వేలు పోయిన తర్వాత.