నేను జబ్బని రాసుకున్న పని

కొత్త మానసిక ఆరోగ్య చట్టం అమల్లోకి వచ్చిన మరుసటి వేసవిలో నన్ను అనంతపురంలోని ఒక నిరాశ్రయుల వసతి గృహానికి సోషల్ వర్కరుగా వేశారు. మందులు రాయడం డాక్టరు పని, మనిషికి ఊరు వెతకడం నాది. పాత రోజుల్లో రోడ్ల మీద మతి తప్పి తిరిగేవాళ్లను మేజిస్ట్రేటు ఉత్తర్వుతో మానసిక ఆసుపత్రికి పంపేవారు. చాలామంది అక్కడే ముసలివాళ్లయ్యేవారు. కోలుకున్న మనిషి తనవాళ్ల మధ్య బతకాలని కొత్త చట్టం అంది. సరే, ఆ తనవాళ్లు ఎవరో తెలియాలి కదా!

కదిరి బస్టాండులో తిరుగుతున్న ఒకామెను పోలీసులు మా దగ్గరికి తెచ్చారు. యాభై దాటి ఉంటాయి. మందులతో నిద్ర, తిండి కుదురుకున్నాయి గానీ నోరు విప్పలేదు. రోజంతా దుప్పటి అంచు దారాలు లాగి, రెండేసి కొసలు కలిపి మెలిపెడుతూ కూర్చునేది. ‘వేళ్లతో అర్థంలేని కదలికలు’ అని కేసు షీటులో పొందిగ్గా రాశాను. నెలాఖరులోగా చిరునామా దొరక్కపోతే ఆమెను దూర జిల్లాలోని శాశ్వత సంరక్షణ కేంద్రానికి పంపాలి. అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగి రావడం అరుదు. నాకు దిగులుగానే ఉండేది.

మా వంటామె రంగమ్మది పట్టుమగ్గాల ఊరు ధర్మవరం. ఒక మధ్యాహ్నం సాంబారు బకెట్టుతో వస్తూ ఆమెను చూసి ఆగిపోయింది.

“ఏం సార్, దీన్ని పిచ్చి అంటాండారా? అచ్చు అతుకుతాండాది సార్ ఆయమ్మ! ఇంత ఇబూది ఇచ్చి సూడండి.”

మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే, కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటిగా దాని కొసలకు మెలిపెట్టి కలుపుతారు. అదే అచ్చు అతకడం. వేళ్లు జారకుండా విబూది అద్దుకుంటారట. గిన్నెలో పోసి ముందు పెట్టగానే ఆమె వేళ్లు పరుగెత్తాయి. నా కేసు షీటు నేను చింపుకోలేదు గానీ, అంత పనీ చేయాలనిపించింది.

మర్నాడు రంగమ్మనూ వెంటబెట్టుకుని ఆమెను జీపులో ధర్మవరం తీసుకెళ్లాం. నాలుగు వీధులు తిరిగాక ఒక మగ్గం ముందు ఆమె నిలబడి, పడుగును తడిమి, మొదటిసారి మాట్లాడింది.

“ఎవురప్పా ఇది అతికినోడు? రెండు దినాల్లో ఊడిపోతాది!”

మగ్గంలో కూర్చున్నాయన తలెత్తి చూశాడు. “నాగక్కా! నువ్వా?” అని కేకేశాడు. పక్క వీధి నుంచి ఆమె తమ్ముడు చెప్పులు కూడా లేకుండా వచ్చాడు. “యాడ పోయినావక్కా, మూడేండ్లు!” అని ఏడుస్తూనే నవ్వాడు. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. రంగమ్మ మాత్రం తిరుగు దారి పొడుగునా నన్ను ఆటపట్టించింది.

మా ఫారంలో పేరుకు, ఊరికి, బంధువులకు, జబ్బుకు గళ్లున్నాయి, చేసే పనికి లేదు. రిటైరయ్యేదాకా ప్రతి ఫారం మీదా ఆ గడిని నేనే స్కేలుతో గీసి, అన్నిటికంటే ముందు దాన్నే నింపాను.