ఓబులేసు సముద్రం చూసిన తీరు

జమ్మలమడుగు ఓబులేసు ఫ్యాక్షన్ నాయకుడికి కాపలాగా తిరిగిన రోజులు పోయాయిగానీ, ఆ అలవాట్లు పోలేదు. టీ కొట్లో గోడకు వీపానించి కూర్చుంటాడు. పోయిన దారిన తిరిగి రాడు. ఎప్పుడు బయల్దేరేదీ పెళ్లానికి కూడా చెప్పడు. కొట్టుకున్న నాయకులిద్దరూ ఒకే పార్టీలో చేరి ఒకే కారులో తిరుగుతున్నా, ఈయన మాత్రం మారలేదు.

భార్య వనజమ్మ సముద్రం చూడాలని ఏళ్లుగా పోరితే, చివరికి విశాఖపట్నంలో టూరు బస్సెక్కాడు. గైడు పిల్ల అందరికీ కాగితాలు పంచింది. పొద్దున కైలాసగిరి, మధ్యాహ్నం భీమిలి, సాయంత్రం బీచి. ఓబులేసు కాగితం చదివి, లేచి నిలబడ్డాడు.

"ఏ పొద్దుకు యాడుంటామో అచ్చేసి పంచుతారామ్మా? సంపేటోల్లకు శానా సులువు గదా! వనజా, దిగు. ఇంటికి పోదాం."

"మిమ్మల్నెవరు చంపుతారండీ?" అంది పిల్ల బిత్తరపోయి.

"ఎవురూ సంపరు పాపా. ఈయప్పను అందరూ ఎప్పుడో మర్సిపోయినారు. ఆ మాటంటే తట్టుకోలేడు," అంది వనజమ్మ. "నేను దిగను మామా. సముద్రం చూసినాకనే ఇల్లు."

సాయంత్రం బీచిలో జనమంతా నీళ్లవైపు తిరిగి కూర్చుంటే, ఓబులేసొక్కడే రోడ్డువైపు తిరిగి కూర్చున్నాడు.

"ఎట్లుండాది మామా సముద్రం?"

"శానా మంచి జాగా," అన్నాడు తల తిప్పకుండానే. "వీపుతట్టు నుంచి ఎవుడూ రాడు."

"ఇంత సముద్రాన్నీ గోడ చేస్తివి గదయ్యా!" అని, వనజమ్మ చీర కుచ్చిళ్లెత్తి పట్టుకుని నీళ్లలోకి నడిచింది.