షెడ్డులో వెచ్చని ఇరుసు

దశాబ్దాలుగా నిప్పు ఎరగని ఇనుము వెచ్చగా ఉందని ఎవరైనా చెబితే, మీరు ఎలాంటి సాక్ష్యం అడుగుతారు?

నేనైతే ఏ సాక్ష్యాన్నీ ఒప్పుకునేదాన్ని కాదు. అనుభూతి వాదన కాదన్నది కాలేజీ డిబేట్ జట్టులో నేను నేర్చుకున్న మొదటి పాఠం. దయ్యాల కథలు చెప్పినవాళ్లందరినీ ప్రశ్నలతో విసిగించాను.

మాది మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్. కొంత దూరంలోని ఒక చిన్న ఊళ్లో పాత రైల్వే షెడ్డు, అందులో ఒక స్ట్రీమ్‌లైన్డ్ ఆవిరి ఇంజన్ ఉన్నాయి. ఇంజన్‌ను తుక్కుకు పంపి, షెడ్డు స్థలంలో పిల్లల లైబ్రరీ కట్టాలని ఆ ఊరి కౌన్సిల్ ప్రతిపాదన. ఓటింగ్‌కు ముందు జరిగే కౌన్సిల్ సభలో లైబ్రరీ పక్షాన మాట్లాడతానని పేరిచ్చాను. అవతలి పక్షాన్ని కళ్లారా చూడకుండా వాదించకూడదని, చలికాలపు మధ్యాహ్నం అమ్మతో కలిసి వెళ్లాను. కార్ల ఆకారం గాలిని ఎలా తట్టుకుంటుందో పరీక్షించే ఇంజనీర్ మా అమ్మ.

ఇంజన్‌ను చూడగానే ఇద్దరం నిలబడిపోయాం. బాయిలరు, గొట్టాలు అన్నీ ఒకే ఉక్కు తొడుగులో ఒదిగిపోయాయి. ముక్కు నీటిబొట్టంత నునుపు. పెద్ద చక్రాలు నా కంటే ఎత్తు. గంటకు వంద మైళ్ల వేగంలో ఎదురుగాలి పక్కలకు జారిపోవాలని, కంప్యూటర్లు లేని రోజుల్లో మట్టి నమూనాలు చెక్కి చెక్కి ఇలాంటి ఆకారాలు సాధించారని అమ్మ గొంతు తగ్గించి చెప్పింది.

లాంగ్ డ్రైవ్ తర్వాత కారు చుట్టూ తిరిగి, ఒక్కో చక్రం దగ్గర చేతి వెనుక వైపు ఆనించి వేడి చూడడం అమ్మ అలవాటు. బ్రేక్ పట్టేస్తే అలా తెలుస్తుందట. అక్కడా అదే చేసింది. చివరి చక్రం దగ్గర చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఇలా రా. ఈ బేరింగ్ వేడిగా ఉంది.”

“అమ్మా, ఇది మ్యూజియం పీస్. స్టార్ట్ చేసి ఎన్నేళ్లయిందో.”

“ముందు టచ్ చెయ్యి. తర్వాత ఆర్గ్యూ చేద్దువుగాని.”

తాకాను. మిగతా ఇనుమంతా మంచులా ఉంది. బేరింగ్‌లో తిరిగే ఆ ఇరుసు కొస మాత్రం, ఎంతో దూరం పరుగెత్తి అప్పుడే ఆగినట్టు వెచ్చగా ఉంది. అటువైపు ఎండ పడే కిటికీ లేదు. హీటరు లేదు, కరెంటు తీగ లేదు. షెడ్డు చూపిస్తున్న పెద్దాయన కూడా తాకి, టోపీ తీశారు. మా చేతుల కిందే అది మెల్లగా చల్లబడింది, స్టేషన్‌కు చేరిన బండి చల్లబడినట్టు.

పిల్లలకు లైబ్రరీ కావాలని ఇప్పటికీ అంటాను. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ వెచ్చదనానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు దొరకకుండా ఆ ఇంజన్‌ను ముక్కలు చేయమని అడగలేను. అందుకే సభలో, కారణం తేలేదాకా గడువు మాత్రమే కోరబోతున్నాను.

మీరు దగ్గర్లో ఉంటే, ఓటింగ్‌కు ముందే ఆ షెడ్డుకు వెళ్లండి. చివరి చక్రం దగ్గర చేతి వెనుక వైపు ఆనించండి. కారణం దొరికితే సభకు వచ్చి, నా ఎదుటే చెప్పి నన్ను ఓడించండి.