సూది కింద సగం కుట్టు

లక్సెట్టిపేటలో మా ఇంటి ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు ఎదురెదురుగా ఉంటాయి. తలుపు పక్కనున్నది అక్కది, కిటికీ కిందది నాది. బావ పోయాక అక్క పుట్టింటికి వచ్చి, నాకు పని నేర్పి, నాతోనే ఉండిపోయింది. ఇంకా పెళ్లెందుకు చేసుకోలేదని నన్ను అడిగేవాళ్లకు నా బదులు అక్కే జవాబు చెప్పేది, వాళ్లు మళ్లీ అడగకుండా. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో జ్వరంతో కరీంనగర్ ఆసుపత్రికి వెళ్లింది. తిరిగి రాలేదు. నేను ఏడవలేదు. ఎంత నిబ్బరం గల మనిషో అని చర్చివాళ్లు మెచ్చుకున్నారు. నిబ్బరమూ లేదు, గిబ్బరమూ లేదు. లోపలంతా మొద్దుబారిపోయింది.

ఆ తర్వాత చలికాలం వచ్చింది. చర్చి వీధిలో బట్టలు కుట్టేవాళ్లకు అసలు సీజన్ అదే. క్రిస్మస్ బట్టలతో నా బల్ల నిండిపోయింది. పని ఉంది, చేతులున్నాయి, కూర్చోబుద్ధి కాదు. సొంత పని చేసుకునేవాళ్లకు నెత్తి మీద ఎవరూ ఉండరని అందరూ కుళ్లుకుంటారు. ఆలస్యంగా లేస్తే తిట్టే దిక్కు కూడా లేకపోవడం ఎంత నరకమో వాళ్లకేం తెలుసు.

నాకు తోచిన ఉపాయాలన్నీ చేశాను. ఒకరోజు ఆఫీసుకు పోయేదానిలా తయారై, ఇంటికి తాళం వేసి, బస్టాండ్ దాకా నడిచి, వెనక్కి వచ్చి తాళం తీశాను.

"ఏమన్న మర్చిపోయినవా చెల్లె?" అని ఎదురింటామె అడిగింది.

"గొడుగక్కా," అన్నాను. నడి చలికాలంలో నాకు గొడుగెందుకో ఆమెకు ఇప్పటికీ అర్థమై ఉండదు. లోపలికి వెళ్లి పడుకున్నాను.

ఇగం పట్టే ఆ చలికి మిషన్‌లో నూనె చిక్కబడి చక్రం బిగుసుకునేది. కత్తెర పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. ఇస్త్రీ పెట్టె వేడి చేసుకుని, దాని మీద అరచేతులు కాచుకుంటూ కూర్చునేదాన్ని. చేతులు కాగేవి. పని మాత్రం మొదలయ్యేది కాదు.

అక్కకు ఈ తంటా ఉండేది కాదు. సాయంత్రం పని ఆపేటప్పుడు ఏదో ఒక కుట్టును సగంలో ఆపి, సూదిని బట్టలోకి దించి లేచేది.

"రేపటికి జర ఉంచాలె. పొద్దుగాల ఖాళీ మిషన్ ముందల కూసుంటే పానం ఒప్పది. సగం కుట్టుంటే కాలే తొక్కుతది," అనేది.

నాకు ఒళ్లు మండేది. చేతిలోది పూర్తి చేసి, దారాలు ఊడ్చి, మిషన్ మీద గుడ్డ కప్పితేగాని నాకు అన్నం సహించదు. "నీ బద్ధకానికి మళ్లా ఒక నీతి," అని వెక్కిరించేదాన్ని.

కరీంనగర్ వెళ్లే ముందు కూడా అక్క అలాగే లేచింది. తెల్ల జాకెట్టు. చేతి అంచు నుంచి చంక దాకా పక్క కుట్టు వచ్చి ఆగింది, సూది అందులోనే ఉంది. దాన్ని నేను ముట్టలేదు. పైన ఒక తువ్వాల కప్పి వదిలేశాను. ఆ కుట్టు కోసం అక్క లేచొస్తుందని పిచ్చి నమ్మకమేమీ లేదు. అది పూర్తయితే ఈ ఇంట్లో అక్క చేయాల్సిన పని ఇంకేదీ మిగలదు. నా భయం అదే.

ఆ జాకెట్టు మా చర్చిలో ముందు కూర్చునే ఒక ముసలామెది. కూలికి పోతుంది. వచ్చినప్పుడల్లా ఇంకా కాలేదని పంపేసేదాన్ని. పండుగ దగ్గరపడ్డాక వచ్చి గడప మీద కూర్చుంది.

"ఉన్నది ఉన్నట్టె ఇయ్యి బిడ్డా. మిగిలింది నేనే చేత్తోని కుట్టుకుంట."

"ఇయ్య," అన్నాను.

"మీ అక్క చేతిదని దాసిపెడుతున్నవా? ఎవలు తొడగకుంటే అది కుట్టి ఏం ఫాయిదా? పండుగకని ఆమెనే కొలత దీసింది."

చాలా కోపం వచ్చింది. ఇన్నాళ్లకు కోపమైనా వచ్చిందని నాకే ఆశ్చర్యమేసింది. ఆ కోపంతోనే తువ్వాల లాగేసి, అక్క స్టూలు మీద కూర్చున్నాను.

చక్రం తిప్పి సూది పైకి లేపితే, అది దిగి ఉన్నచోట గోధుమరంగు మచ్చ. మంచు తేమకు సూది తుప్పు పట్టి బట్టకు అంటుకుంది. అక్క ప్రతి సాయంత్రం అలాగే వదిలేది, కానీ తెల్లారగానే నడిపించేది. ఇన్ని రోజులు ఒకేచోట నిలబెట్టింది నేను. నిమ్మకాయ రుద్దాను, సబ్బు రుద్దాను. కందిగింజంత మచ్చ పోనే లేదు. ముసలామెకు చూపించాను.

"సంక కింద ఎవలు జూస్తరు తియ్యి," అని నవ్వింది.

సూది మార్చి, మచ్చ దగ్గర మొదలుపెట్టి నడుము దాకా కుట్టాను. దారం తెంపాను. అయిపోయింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు.

ఆ సాయంత్రం నా మిషన్ మీద ఒక గౌను అంచు సగంలో ఆపి, సూది దించి లేచాను. అనుకున్నట్టే అన్నం సహించలేదు. పొద్దున మొహం కడుక్కుని వచ్చేసరికి గౌను అక్కడే వేలాడుతోంది. దాన్ని అలా చూడలేక కూర్చున్నాను, కాలు దానంతటదే తొక్కింది. పని మీద ప్రేమ పుట్టుకొచ్చిందని చెప్పను. మొద్దులాగే కుట్టాను. కుట్టాను మాత్రం. పండుగ నాటికి బల్ల ఖాళీ అయింది.

క్రిస్మస్ పొద్దున చర్చిలో ఎటు చూసినా నేను కుట్టిన బట్టలే. ఎవరి మెడ సరిగ్గా కుదరలేదో చూస్తూ పాట మర్చిపోయాను. ముసలామె నా ముందు వరుసలోనే ఉంది, తెల్ల జాకెట్టులో. పాట ఊపందుకోగానే కుడిచెయ్యి పైకెత్తింది. చంక కింద మచ్చ కనిపించింది. దానికి పైనంతా అక్క కుట్టు, కిందంతా నాది.

అప్పుడు వచ్చింది ఏడుపు. పక్కవాళ్లు పాట ఆపి చూసేంతగా ఏడ్చాను. ముసలామె వెనక్కి తిరిగి నన్ను చూసింది. చెయ్యి మాత్రం దించలేదు.