ఏసీ బొమ్మ నీడ

ఆయన్ని అందరూ నిచ్చెన అనే పిలుస్తారు. పొడుగరి అని కాదు, మనిషి పొట్టే. ఎక్కడికెళ్లినా భుజాన నిచ్చెన ఉంటుంది, అందుకని. రోడ్ల పక్క ఇనప చట్రాలకి పెద్ద పెద్ద ఫ్లెక్సీలు కట్టడం, పాతబడితే విప్పడం ఆయన పని. మోకాళ్లు అరిగిపోయాయి. ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ప్రాణం పోతుందంటాడు. ఈ వేసవంతా అరచేతులకి గుడ్డ చుట్టుకుని ఎక్కాడు, ఇనుము చుర్రుమంటుంటే. ఇప్పుడు వేసవి చివరికొచ్చింది. పగలంతా మాడ్చి, సాయంత్రానికి ఏదో మూల మబ్బు లేస్తోంది. ఆయనకి అసలు భయం ఈ రోజులంటేనే. గాలి నిండిన ఫ్లెక్సీ చట్రాన్ని పునాదితో సహా పెకలించేస్తుంది.

కూడలిలో ఆయన కట్టిందే ఒక ఏసీ ప్రకటన ఉంది. బొమ్మలో ఒక కుటుంబం దుప్పటి కప్పుకుని నవ్వుతుంటుంది. పొద్దు తిరిగితే ఆ బొమ్మ నీడ కింద పేవ్‌మెంటు మీద పడుతుంది. ఆ నీడలో ఆయన అక్క, ఇంకొందరు ఆడవాళ్లు కుట్టుమిషన్లు వేసుకుంటారు. ప్యాంట్లు పొట్టి చేస్తారు, జిప్పులు మారుస్తారు. ఒకప్పుడు అక్కడ చెట్లుండేవి. రోడ్డు వెడల్పు చెయ్యాలని కొట్టేశారు, మళ్లీ నాటే సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఏసీ కొనే స్తోమత లేనివాళ్లకి ఏసీ బొమ్మే చెట్టయింది.

పోయిన నెలలో ఈదురుగాలుల హెచ్చరిక వస్తే సూపర్‌వైజర్ని బతిమాలి ఆ ఫ్లెక్సీ విప్పాడు నిచ్చెన. గాలి రాలేదు. ఆకు కూడా కదల్లేదు. మళ్లీ కట్టమని కంపెనీ నుంచి మాట వచ్చేదాకా ఆడవాళ్లు ఎండలోనే కుట్టారు. గుండీలు కుట్టే పెద్దమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ ఎక్కిస్తూ పక్కకి ఒరిగిపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికైతే వచ్చింది గానీ ఇంకా మంచం దిగలేదు. ఆమె పీట మాత్రం అక్కడే ఉంది.

ఆవేళ పొద్దున్నే ఫోన్లో మళ్లీ హెచ్చరిక. పగలు తీవ్రమైన ఎండ, సాయంత్రం ఉరుములతో ఈదురుగాలులు వీచే అవకాశం, తలుపులు మూసుకుని ఇళ్లలోనే ఉండండి అని. తలుపు లేనిచోట పని చేసేవాళ్లు ఏం మూసుకోవాలో అందులో ఉండదు. ఎప్పుడూ ఉండదు.

సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాడు.

"ఫోన్ మోగినప్పుడల్లా విప్పుకుంటూ పోతే దుకాణం మూసుకోవాల్సిందే. గాలి మొదలయ్యాక చూద్దాంలే."

"మొదలయ్యాక ఎక్కలేను సార్."

"అయితే ఎక్కకు. ఎవరెక్కమన్నారు?"

తాడు భుజాన వేసుకుని కూడలికి వచ్చాడు. జిప్పులు మార్చే ఆమె దూరం నుంచే చూసింది. "అదుగో, తుఫాను మోసుకొస్తున్నాడు!"

అక్క మిషను ఆపలేదు. "మళ్లీ మా నెత్తిన ఎండ పెట్టడానికొచ్చావురా?"

"ఈసారి నిజంగానే వస్తుందేమో అక్కా."

"పోయినసారి మాత్రం అబద్ధమని చెప్పారా? ఆ పీట చూసి చెప్పు."

ఆయన పీట వైపు చూడలేదు. "పోనీ ఇవాళ్టికి మీరే లేచి వెళ్లండి."

"ఎక్కడికి? ఆ దుప్పటి కప్పుకున్నావిణ్ణి అడుగు, కాస్త జరిగి చోటిస్తుందేమో."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నేల మీద చతికిలబడ్డాడు.

"విప్పితే ఎండకి పడిపోతారు. విప్పకపోతే అది మీ మీద పడుతుంది. నన్నేం చెయ్యమంటావక్కా?"

అక్క ఒళ్లో ఒక ప్యాంటుంది. దాని వెనక జేబు మూతని వేలితో ఎత్తి వదిలింది, ఎత్తి వదిలింది. "మొత్తం విప్పడమెందుకు? ఇలా జేబు మూతల్లా కోసుకుంటూ పో. పై అంచు ఉంచెయ్. గాలొస్తే లేస్తాయి, పోతే పడతాయి. మా నీడ మాకుంటుంది."

అలా కొయ్యడం ఆయనకి తెలియంది కాదు. చిరుగుల ఫ్లెక్సీలకి కోసేవాడు. కొత్తదాని మీద కత్తి పెడితే మాత్రం మర్నాడు పని ఉండదు. అది అక్కకీ తెలుసు. చెప్పేసి నాలిక్కరుచుకుంది.

"నేనన్నానని కొయ్యకురా. తమ్ముడి పొట్ట కొట్టిందన్న మాట నాకొద్దు."

"నా పొట్ట సంగతి తర్వాత. ఆ కత్తెర ఇటివ్వు."

"గుడ్డ కత్తెరతో ప్లాస్టిక్కు కోస్తావా? ముట్టుకున్నావంటే చేతులు విరుస్తా!"

తన కత్తే నడుముకి దోపుకుని ఎక్కాడు. బెల్టు చట్రానికి తగిలించుకుని బొమ్మలో తల్లి బుగ్గ మీద ఒక మూత, పిల్లాడి నుదుటి మీద ఒకటి, దుప్పటి పొడుగునా వరసగా కోసుకుంటూ పోయాడు. చెమట కళ్లలోకి దిగుతోంది. జేబులో ఫోన్ మోగింది, తియ్యలేదు. దిగాక చాలాసేపు నిచ్చెనకే చేరగిలబడ్డాడు.

సాయంత్రం మొదట దుమ్ము లేచింది, ఆ వెనకే గాలి విరుచుకుపడింది. మిషన్లు వదిలి పోలేక ఆడవాళ్లు ఆ చట్రం కిందే వాటిని పట్టుకుని నిలబడ్డారు. మూతలన్నీ ఒక్కసారి లేచి టపటపా కొట్టుకున్నాయి. చట్రం మూలిగింది. ఊగింది. నిలబడింది. ఆ తర్వాత వాన.

మర్నాడు ఏమీ జరగనట్టే ఎండ. సూపర్‌వైజర్ బండి ఆపి కోసిన మొహాల్ని ఫొటో తీసుకున్నాడు. నిలబడ్డ చట్రం ఆ ఫొటోలో పడలేదు.

"ఈ బొమ్మ చూసి ఏసీ ఎవడు కొంటాడు?"

"కొయ్యకముందు చూసి మేమూ కొనలేదులెండి," అంది అక్క.

"గాలి వచ్చింది కదా సార్. కోశాను కాబట్టే పడలేదు," అన్నాడు నిచ్చెన.

"కొయ్యకపోయినా పడేది కాదేమో, నీకేం తెలుసు? రేపట్నుంచి రానక్కర్లేదు."

పడకుండా ఆపినదానికి రుజువు ఎక్కణ్ణించి తెస్తాడు? ఇలాంటి మనుషుల కష్టమంతా ఇలా కనపడకుండానే పోతుంది.

తరవాతి రోజు నీడలో ఊరికే కూర్చున్నాడు. అక్క ఒక ప్యాంటు ఒళ్లో పడేసింది. "ఊరికే కూర్చుంటే నీడకి అద్దె. ఈ కుట్లు విప్పు. విప్పడం నీకొచ్చిన పనేగా."

సగం కుట్లు విప్పేసరికి కొత్త మనిషి వచ్చాడు, భుజాన కొత్త ఫ్లెక్సీ చుట్టతో. అదే కుటుంబం, అదే దుప్పటి. అక్క మంచినీళ్లిచ్చి అడిగింది. "జేబు మూతలు కొయ్యడం వచ్చా, నాయనా?"

"కత్తి పెడితే నా పనీ పోతుందని ముందే చెప్పారమ్మా."

అక్క ఖాళీ గ్లాసు అందుకుంది. ఒకడి పొట్ట కొట్టింది చాలనుకుంది.

కొత్తాయన పాత ఫ్లెక్సీ దింపి కొత్తది పైకి లాగాడు. కింద నిచ్చెన పట్టుకునేవాడు లేడు. నిచ్చెనే లేచి, ప్యాంటు పెద్దమ్మ పీట మీద పెట్టి వెళ్లి పట్టుకున్నాడు.

"కింది అంచుకి జారుముడి వెయ్యి. తాడు కొస కిందికి వదులు. లాగితే ఊడొచ్చేయాలి. గాలి దానికదే అడుగునుంచి పోతుంది."

కొత్తాయన అటూ ఇటూ చూశాడు. "కంపెనీ?"

"ముడి ఫొటోలో పడదు."

తాడు కొస మెల్లగా కిందికి దిగింది. అక్క అందుకుని, చెయ్యి చాస్తే అందేలా పెద్దమ్మ పీట కాలికి చుట్టి, పీటని మిషను దగ్గరికి లాక్కుంది. సాయంత్రానికి మళ్లీ గాలి అని ఫోన్ చెబుతోంది. ఆమె తలెత్తి చూడలేదు. కుట్టు మొదలుపెట్టింది.