మౌసుకు అంటిన మిరప ఘాటు

ఇలా పీట దగ్గరికి లాక్కుని కూర్చోండమ్మా, చేతిలో పని ఉన్నా చెవి ఇటు పెట్టండి.

నేనూ నా మనవరాలూ సాయంత్రాలు వసారాలో ఎండుమిరపకాయలకు తొడిమలు తీసేవాళ్లం. నేను కథ చెబితే అది ఊఁ కొట్టేది. అంతలో దాని బడిలో కంప్యూటర్ ఆటల జట్టు పెట్టారు. ఆడపిల్లలూ, కాలు సరిగా లేని పిల్లలూ, ఎవరైనా ఆడొచ్చన్నారు. ఇది పరుగున వెళ్లి చేరింది.

అయితే ఇది పట్టుకున్న మౌసు తరవాత ఎవరు పట్టుకుని కళ్లు నులుముకున్నా, మంటలని ఏడ్చారు. ఎంత కడిగినా ఘాటు దాని వేళ్లను వదల్లేదు. "ఒసేయ్ మిరపకాయ్, నువ్వు ముట్టుకోకే" అన్నారట. మేష్టారు దానికి వేరే మౌసు ఇచ్చి మూల కూర్చోబెట్టారు.

"అది జట్టుగా ఆడే ఆట అమ్మమ్మా. మూలనుంటే నాతో ఎవరూ మాట్లాడరు. ఇంక వెళ్లను" అంది.

"రేపట్నించి తొడిమల జోలికి రాకు. నేను తీసుకుంటాలే."

"మరి నీ కథలకి ఊఁ కొట్టేదెవరు?"

"కాయలు కొడతాయిలే, పోవే."

నాలుగు రోజులు దాని చేతులకు కొబ్బరినూనె రాసి, శనగపిండితో తోమాను. ఘాటు పోయింది. అది చూసి మేష్టారు కంప్యూటర్ల గది గుమ్మంలో నూనె సీసా, సబ్బు పెట్టారు. ఇప్పుడు పిల్లలందరూ చేతులు కడుక్కున్నాకే ఆటకు కూర్చుంటారు, మనవరాలు వాళ్ల నడుమ. జట్టుతో ఒంగోలు పోటీకి కూడా వెళ్తుందట.

సాయంత్రాలు అది ఆటకని బడిలోనే ఉండిపోతుంది, నేను మాత్రం కాయల గుట్ట ముందు ఒక్కదాన్నే. నిన్న కథ సగంలో ఆగి, ఊఁ కోసం చూశాను. ఎండుకాయల్లో గింజలు గలగలమన్నాయంతే.

ఇవాళ మీరు విన్నారు. మీ ఇంట్లో మాటకు ఊఁ అనే మనిషి ఎప్పుడూ ఉండాలి, మీ ఇల్లు చల్లగా ఉండాలి.