వోఫా అద్దాయ్ సీసాల న్యాయస్థానం

పాత కారులో బ్రేకు ఆయిలు పోయవలసి వస్తే, వోఫా అద్దాయ్ ముందుగా మూత విప్పేది కారుకు కాదు, కారు యజమానికి. బండి ఏ సంవత్సరానిది, ఎవరెవరి చేతులు మారింది, ఎన్ని పెళ్ళిళ్ళకూ ఎన్ని శవయాత్రలకూ వెళ్ళింది అన్న వాంగ్మూలం పూర్తి కానిదే ఒక్క చుక్క పోయడు. న్యాయశాస్త్రం చదివిన నేను ఇంతటి క్రాస్ ఎగ్జామినేషన్‌ను ఏ కోర్టులోనూ చూడలేదు.

వోఫా అంటే మేనమామ. కుమాసీ నగరంలోని సువామే మెకానిక్‌ల పేటకంతటికీ ఆయన మేనమామే. ఆయన షెడ్డులో ఒక అల్మారా, దాని నిండా గాజు సీసాలు. ప్రతి సీసాలోనూ తప్పుడు ఆయిలులో నాని పాడైన బ్రేకు రబ్బర్లు, పైన చీటీ మీద దోషి పేరు. వచ్చినవాళ్ళందరూ ముందు ఆ చీటీలు చదివి నవ్వుకుని, తరువాతే తమ పని చెప్పుకుంటారు. "అసమోవా. ఇంజనాయిలు పోశాడు" అన్న సీసాలో రబ్బర్లు నానిన అలసందల్లా ఉబ్బి ఉంటాయి.

టాక్సీ నడిపే ఆ అసమోవా ఒకనాడు నా ఎదుటే బతిమాలాడు.

"వోఫా, నీకు దణ్ణం పెడతా, ఆ చీటీ పీకెయ్యి. మా అత్తగారు చదివేసింది."

"చదివి?"

"నా బండెక్కడం మానేసింది."

"చూశావా, ఇద్దరికీ మేలే జరిగింది."

ఆ అల్మారాలో నా పేరు చేరే ప్రమాదం ఒక గురువారం దాపురించింది. శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి, మాంపాంగ్ కొండకు అవతలనున్న ఎజురా కోర్టులో నా మొట్టమొదటి కేసు. పెండలం అమ్ముకునే పద్దెనిమిది మంది స్త్రీల పాకలు కూల్చకుండా తెచ్చుకున్న స్టే ఆనాటితో ముగుస్తుంది. నేను హాజరు కాకపోతే సాయంత్రానికల్లా పాకలు నేలమట్టమే. నాకున్నది మా నాన్న ఇచ్చిన డెబ్బయ్యెనిమిదో సంవత్సరపు పెజో కారు. బుధవారం సాయంత్రం బ్రేకు ఆయిలు తగ్గిందని గమనించి, బ్రేకు ఆయిలు రకాల నంబర్లలో మూడు కన్న నాలుగు, నాలుగు కన్న అయిదు ఉత్తమమని చక్కగా తర్కించుకుని, అయిదో నంబరు డబ్బా కొని స్వహస్తాలతో పోశాను. తెల్లవారేసరికి పెడలు దూదిలా మెత్తబడింది. ఖాళీ డబ్బాను డిక్కీలో చాప కింద దాచి, బండిని నత్తనడకన సువామేకు చేర్చాను.

వోఫా మూత తీసి లోపలికి చూశాడు. మూత పెట్టేసి, డిక్కీలోంచి జాకీ తీసుకుని, పనిముట్లతో కారు కిందికి దూరాడు. ప్రశ్నలు అక్కడి నుంచే మొదలయ్యాయి.

"మీ నాన్న బ్రేకు మెత్తగా తొక్కేవాడా, కోపంగా తొక్కేవాడా?"

"వోఫా, రేపు ఎజురాలో పెండలం అమ్మే ఆడవాళ్ళ కేసుంది, నేను మాంపాంగ్ కొండ దిగాలి! ఏదో ఒకటి పోసి పంపించెయ్యి!"

"ఏదో ఒకటా? మూడూ నాలుగూ తోడికోడళ్ళమ్మా, సణుక్కుంటూనైనా ఒకింట్లో ఉంటాయి. అయిదుంది చూశావూ, అది ఎవరితోనూ కలవదు. మీ నాన్నకి కుక్కలంటే భయమా?"

"భయమే. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"కుక్క కనపడితే తొక్కుతాడు కదా."

"అభ్యంతరం! అసంబద్ధమైన ప్రశ్న!"

"సరే, ఆ ప్రశ్న కొట్టేశాం. ఆ పెండలం ఆడవాళ్ళ సంగతి చెప్పు. ఒక్కొక్కరి గురించీ చెప్పాలి, లాయరమ్మా. మధ్యలో లేచావో, మళ్ళీ మొదటి నుంచి."

పద్దెనిమిదో ఆమె కథ ముగిసేసరికి పొద్దు వాలింది. వోఫా బయటికి వచ్చి, మూడో నంబరు ఆయిలు నింపి, పెడలు తొక్కమన్నాడు. రాయిలా గట్టిగా ఉంది.

"ఇంతేనా? దీనికేనా నా దినమంతా వృథా చేశావు?" అని మండిపడి వచ్చేశాను.

మరునాడు మాంపాంగ్ వాలులో, మలుపు తిరగగానే, రోడ్డుకు అడ్డంగా పెండలం లారీ ఆగి ఉంది. ప్రాణమంతా పాదంలోకి తెచ్చుకుని తొక్కాను. లారీకి మూరెడు దూరంలో పెజో బుద్ధిగా నిలబడింది. తొమ్మిదికి పది నిమిషాల ముందే కోర్టులో ఉన్నాను. తుది తీర్పు దాకా పాకలను ముట్టరాదని న్యాయమూర్తి ఉత్తర్వు ఇచ్చారు.

ఆ స్త్రీలు పాటలు పాడుతూ నా డిక్కీ నిండా పెండలం దుంపలు సర్దబోయారు. చోటు కోసం చాప ఎత్తాను. డబ్బా లేదు.

నేరుగా సువామేకు వెళ్ళాను. అల్మారాలో కొత్త సీసా ఉంది. ఊదా రంగు అయిదో నంబరు ఆయిలులో నాలుగు చక్రాల పాత రబ్బర్లూ ఉన్నాయి. ఆయన నోరు విచారణ జరుపుతున్నంతసేపూ చేతులు చేసిన పని అది. కొత్త రబ్బర్లు వేయాలని ముందే చెప్పి ఉంటే, తొందరలో నేను కాదని పోట్లాడేదాన్నే. ఇన్ని ప్రశ్నలడిగిన మనిషి, "ఎవరు పోశారు?" అన్న ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. సీసా మీద చీటీ అతికించి ఉంది. ఖాళీగా.

"పేరేదీ, వోఫా?"

"సాక్ష్యం దొరకలేదమ్మా."

"డిక్కీలో డబ్బా దొరికింది కదా!"

"ఓ, అదా? నా అనుమానం మీ నాన్న మీద. కుక్కలంటే భయపడే మనిషి, ఏదైనా చేస్తాడు."

నేను కలం తీసి, స్పష్టమైన అక్షరాలతో రాశాను: "అబెనా న్యాంతాచి, న్యాయవాది. అయిదు పోసింది."

వోఫా కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

"ఆ 'న్యాయవాది' కొట్టెయ్యమ్మా. అసమోవా అత్తగారు మళ్ళీ ఇటు వస్తుంది. చదివిందంటే నీకు కేసివ్వడం మానేస్తుంది."